నాడీ విషం, రక్త విషం అంటే సరిపోదు: పాము కాటు వెనకున్న ప్రోటీన్ల సంగతి

2024 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. పాము కాటు కేసులనూ మరణాలనూ ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చమని అందులో కోరింది. అదే ఏడాది మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక కూడా వచ్చింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలన్నది దాని లక్ష్యం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుకు బలైనవారు సుమారు 12 లక్షల మంది అని, అంటే ఏటా సగటున 58 వేల మంది అని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. మరణాల్లో ఎక్కువ వాటా ఎనిమిది రాష్ట్రాలదేనని అందులో తేలింది. తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఆ ఎనిమిదింటిలో ఒకటి.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: నాగుపాము, కట్లపాముల విషం నాడుల మీద పనిచేస్తుంది, పింజర్ల విషం రక్తం మీద పనిచేస్తుంది. ఇది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. నాగుపాము కరిచిన కాలు కుళ్లిపోవడం ఎందుకో, దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ రక్తపింజరి కాటు తిన్నవారికి కనురెప్పలు వాలిపోవడం ఎందుకో ఈ మాటతో అర్థం కాదు. కట్లపాము కాటుకు వైద్యం నాగుపాము కాటు వైద్యం కంటే మొండిగా ఎందుకుంటుందో అసలే తెలియదు. వీటికి జవాబు దొరకాలంటే పాము పేరు పక్కనపెట్టి, విషంలోని ప్రోటీన్ల ఆకారం చూడాలి.

విషం ఒక పదార్థం కాదు

పాము విషాన్ని ఆరబెడితే మిగిలే పొడిలో 90 శాతానికి పైగా ప్రోటీన్లు, వాటికంటే చిన్నవైన పెప్టైడ్లు ఉంటాయి. ఒకే పాము విషంలో పదుల రకాల ప్రోటీన్లు కలిసి ఉంటాయి. 2020లో భారతీయ నాగుపాము జన్యుపటాన్ని ప్రచురించిన శాస్త్రవేత్తలు విషానికి సంబంధించిన జన్యువులు 139 దాకా ఉన్నాయని గుర్తించారు. అవి 33 కుటుంబాలకు చెందినవి. వాటిలో కేవలం విషగ్రంథిలోనే పనిచేసేవి 19.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసు మడతపడి ఒక ఆకారానికి వస్తుంది, పని చేసేది ఆ ఆకారమే. కోడిగుడ్డులోని ప్రోటీన్ వేడికి విప్పుకుని గట్టిపడుతుంది. విషపు ప్రోటీన్లలో చాలావాటికి అంత తేలిగ్గా మడత విడదు. గొలుసులో అక్కడక్కడా సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. రెండు సిస్టీన్లలోని గంధకం పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటే డైసల్ఫైడ్ బంధం ఏర్పడుతుంది. ధాన్యం బస్తా మూతిని దబ్బనంతో కుట్టేసినట్టు ఈ బంధాలు మడతను బిగించి ఉంచుతాయి. కోర దిగిన చోటి నుంచి కండరం దాకా, రక్తంలో శరీరపు వేడిని, అక్కడి ఎంజైములను తట్టుకుని చేరాలంటే ఆ బిగువు కావాలి.

మూడు వేళ్ల ప్రోటీన్

నాగుపాము విషంలో ప్రధానమైనవి మూడు వేళ్ల టాక్సిన్లు. చాలా చిన్నవి, 60 నుంచి 74 అమైనో ఆమ్లాలు మాత్రమే. నడుమ గట్టి గుత్తిలా నాలుగు డైసల్ఫైడ్ బంధాలు, ఆ గుత్తి నుంచి ఒకే వైపుకు చాచిన మూడు మెలికలు. చిత్రంలో చూస్తే అరచేతి నుంచి మూడు వేళ్లు చాచినట్టే ఉంటుంది, పేరు అలా వచ్చింది. కొన్నింటికి ఐదో బంధం కూడా ఉంటుంది, వాటిని పొడవు రకం అంటారు.

ఇవి ఏం చేస్తాయో తెలియాలంటే నాడి, కండరం కలిసే చోటుకు వెళ్లాలి. ఊపిరి పీల్చమని మెదడు పంపిన సంకేతం నాడి కొస దాకా విద్యుత్తుగా వస్తుంది. అక్కడి నుంచి కండరానికి సన్నని ఖాళీ ఉంటుంది. నాడి కొస అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఆ ఖాళీలోకి వదులుతుంది. కండరం మీదున్న గ్రాహకం దాన్ని అందుకుని తెరుచుకుంటుంది, కండరం ముడుచుకుంటుంది. మూడు వేళ్ల టాక్సిన్ వచ్చి, నడిమి వేలిని సరిగ్గా అసిటైల్‌కోలిన్ కూర్చోవాల్సిన గూటిలోకి చొప్పిస్తుంది. ఆ వేలి కొసనున్న ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లానికి ధనావేశం ఉంటుంది, అసిటైల్‌కోలిన్‌కూ ధనావేశమే. గూటిలోని అమైనో ఆమ్లాలు ఆ ఆవేశాన్ని పట్టుకునేలా అమరి ఉంటాయి కాబట్టి, వచ్చిన దొంగను సొంతమనిషి అనుకుని పట్టేసుకుంటాయి. గ్రాహకం తెరుచుకోదు. ముందు రెప్పలు వాలతాయి, తర్వాత మింగుడుపడదు, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి కండరాలు ఆగుతాయి. గుండె బాగానే కొట్టుకుంటూ ఉంటుంది, స్పృహా ఉండవచ్చు. వెంటిలేటర్ ప్రాణం నిలపగలగడానికి కారణం ఇదే.

ఈ పట్టు ఎంత గట్టిదో చెప్పడానికి శాస్త్ర చరిత్రలో ఒక ఘట్టం చాలు. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అక్కడి కట్లపాము విషం నుంచి ఆల్ఫా-బంగారోటాక్సిన్‌ను వేరు చేశారు. అది 74 అమైనో ఆమ్లాల మూడు వేళ్ల ప్రోటీన్. కొన్నేళ్లకు దాన్నే ఎరగా వాడి, విద్యుత్ చేపల్లో కరెంటు పుట్టించే అవయవాల నుంచి అసిటైల్‌కోలిన్ గ్రాహకాన్ని పరిశోధకులు బయటికి లాగగలిగారు. నాడీ శాస్త్రంలో ఒక గ్రాహకాన్ని ఇలా చేతికి చిక్కించుకున్న తొలి సందర్భాల్లో అదొకటి.

ముంగిస సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పాముతో పోరాడాక అది ఏదో వేరు నమిలి విషం దించుకుంటుందని మన ఊళ్లలో నమ్మకం. వేరు అవసరం దానికి లేదు. ముంగిస గ్రాహకంలోని ఆ గూటి దగ్గర కొన్ని అమైనో ఆమ్లాలు మారి, ఒకచోట చక్కెర గొలుసు కూడా అతుక్కుని ఉంటుందని 1990లలో ఇజ్రాయెల్ పరిశోధకులు చూపించారు. అసిటైల్‌కోలిన్ దూరగలదు, టాక్సిన్ వేలు దూరలేదు. పాముల సొంత గ్రాహకాల్లోనూ దాదాపు ఇలాంటి ఏర్పాటే ఉంది. పోరాటంలో ముంగిస చురుకుదనం ఎటూ అదనమే.

అదే ఆకారం, వేరే పని

ఇక్కడి నుంచి చిక్కు మొదలవుతుంది. నాగుపాము విషంలోనే సైటోటాక్సిన్లు అనే మరో రకం ఉంది. ఆకారం చూస్తే అదే, మూడు వేళ్లే. కానీ వీటి వేళ్ల కొసలు నూనెలో కలిసే గుణం కలవి. అవి ఏ గ్రాహకంతోనూ పేచీ పెట్టుకోవు, నేరుగా కణత్వచంలోకి దిగి దాన్ని చెడగొడతాయి. నాగుపాము కాటు పడిన చోట వాపు, బొబ్బలు, కుళ్లు రావడంలో వీటి పాత్ర పెద్దది. అంటే 'నాడీ విషం' పాము విషంలో నాడులతో సంబంధమే లేని ప్రోటీన్లు దండిగా ఉన్నాయి.

ఆఫ్రికా మాంబా పాముల్లో ఈ ఆకారానికి ఇంకా చిత్రమైన వాడకాలున్నాయి. ఫాసిక్యులిన్ అనే మూడు వేళ్ల టాక్సిన్ అసిటైల్‌కోలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమును మూసేస్తుంది. పురుగుమందు తాగినవారిలో దెబ్బతినేదీ సరిగ్గా ఆ ఎంజైమే. కాల్సిసెప్టిన్ కాల్షియం దారులను అడ్డగిస్తుంది. మాంబాల్జిన్లు నొప్పిని మోసే దారులను మూస్తాయి, ఎలుకల్లో నొప్పి తగ్గించాయని 2012లో బయటపడింది. మడత ఒకటే, వేళ్ల కొసల్లో నాలుగైదు అమైనో ఆమ్లాలు మారితే పని మారిపోతుంది.

ఇంకా ఇబ్బందికరమైన నిజం ఒకటుంది: ఈ మూడు వేళ్లు మన ఒంట్లోనూ ఉన్నాయి. మన కణాల మీదుండే సీడీ59 అనే ప్రోటీన్, మెదడులోని గ్రాహకాలను సర్దుబాటు చేసే లింక్స్1 ఈ కుటుంబానివే. పాము కొత్త ఆయుధమేదీ కనిపెట్టలేదు. వెన్నెముక జీవులన్నింటికీ ఉన్న ఒక మామూలు పనిముట్టు జన్యువు నకళ్లు తీసుకుంటూ పోయింది, ఆ నకళ్లలో మార్పులు పేరుకున్నాయి.

కట్లపాము: అదే పక్షవాతం, వేరే దారి

ఇప్పుడు దీనికి తిరగేసిన ఉదాహరణ. కట్లపాము కాటు చాలాసార్లు రాత్రిపూట, నేల మీద పడుకున్నవారికి పడుతుంది. కాటు గుర్తు కనిపించకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు, తర్వాత రెప్పలు వాలతాయి. లక్షణాలు నాగుపాము కాటులాగే ఉన్నా, వెనకున్న ప్రోటీన్ల పని వేరు.

కట్లపాములో మూడు వేళ్ల టాక్సిన్లూ ఉన్నాయి. అసలు మొండిఘటం మాత్రం బీటా-బంగారోటాక్సిన్. రెండు వేర్వేరు ప్రోటీన్లు ఒక డైసల్ఫైడ్ బంధంతో జతపడితే అది తయారవుతుంది. ఒకటి ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైము, సుమారు 120 అమైనో ఆమ్లాలది. రెండోది చిన్నది, దాన్ని నాడి కొస దగ్గరికి చేర్చి అక్కడ పట్టు దొరికేలా చేస్తుంది. అక్కడికి చేరిన ఎంజైము నాడి కొస పొరలోని కొవ్వు అణువులను కత్తిరించడం మొదలుపెడుతుంది. అసిటైల్‌కోలిన్ నిల్వలు ఖాళీ అవుతాయి, నాడి కొస శిథిలమవుతుంది.

తేడా వైద్యం దగ్గర తెలిసిపోతుంది. నాగుపాము కాటులో నాడి కొస బాగానే ఉంది, గ్రాహకమే మూసుకుంది. అందుకని అసిటైల్‌కోలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమును నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్‌తో అణిచిపెడితే, ఖాళీలో అసిటైల్‌కోలిన్ పెరిగి టాక్సిన్‌తో పోటీ పడుతుంది, రెప్పలు పైకి లేస్తాయి. దుష్ఫలితాలు రాకుండా ముందుగా అట్రోపిన్ ఇస్తారు. కట్లపాము కాటులో పెంచడానికి నాడి కొస దగ్గర అసిటైల్‌కోలిన్ సరుకే లేదు, నియోస్టిగ్మిన్ ఏం చేస్తుంది? పాడైన కొస మళ్లీ మొలిచేదాకా రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకోగలదు గానీ, జరిగిపోయిన నష్టాన్ని వెనక్కి తేలేదు.

ఫాస్ఫోలైపేజ్ ఏ2 కూడా మనకు పరాయిది కాదు. మన క్లోమం ఇలాంటి ఎంజైమునే తిండిలోని కొవ్వును అరిగించడానికి వాడుతుంది. పని చేయడానికి దీనికి కాల్షియం కావాలి. గొలుసులో 48వ చోట హిస్టిడిన్, 49వ చోట ఆస్పార్టేట్ ఉండాలి. చిత్రమేమిటంటే, దక్షిణ అమెరికా బోత్రాప్స్ పింజర్లలో 49వ చోట లైసిన్ వచ్చిన రకాలున్నాయి. వాటికి కత్తిరించే శక్తి పోయింది, అయినా కండరాన్ని చిత్తు చేస్తాయి. ఎంజైము గుణం లేకుండానే పొరను చెదరగొట్టే వేరే ఉపరితలం వాటికి ఉంది. 'ఈ టాక్సిన్ ఫలానా ఎంజైము కాబట్టి ఫలానా పని చేస్తుంది' అని చెప్పే ప్రతి వాక్యం పక్కనా ఈ లైసిన్‌ను గుర్తుంచుకోవడం మంచిది.

రక్తాన్ని గడ్డకట్టించి, గడ్డకట్టకుండా చేసే విషం

రక్తపింజరి కాటు పడినవారికి ఆసుపత్రిలో చేసే మొదటి పరీక్షకు యంత్రం అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు పరీక్షనాళికలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత వంచి చూస్తారు. మామూలుగా అయితే రక్తం గడ్డకట్టి కదలదు. నీళ్లలా జారితే విషం పనిచేస్తోందని అర్థం. గాజే ఎందుకంటే, గడ్డకట్టే క్రియ మొదలవడానికి దాని ఉపరితలం తోడ్పడుతుంది, ప్లాస్టిక్ నాళికలో ఫలితం నమ్మలేం.

రక్తం ఎందుకు జారుతోంది? గడ్డకట్టకుండా విషం ఆపేసిందని చాలామంది అనుకుంటారు. జరిగింది దానికి సరిగ్గా ఉల్టా. గడ్డకట్టడం అనేది ఒకదాన్నొకటి లేపుకుంటూ పోయే ప్రోటీన్ల వరుస. పదో ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ లేస్తే అది ప్రోథ్రాంబిన్‌ను థ్రాంబిన్‌గా మారుస్తుంది, థ్రాంబిన్ ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. రక్తపింజరి విషంలోని ఆర్‌వీవీ-ఎక్స్ అనే ప్రోటీన్ నేరుగా పదో ఫ్యాక్టర్‌నే లేపుతుంది. దాని కట్టడం చూడముచ్చటగా ఉంటుంది: జింకు లోహాన్ని మధ్యలో పెట్టుకుని కత్తిరించే ఒక పెద్ద గొలుసు, దానికి అతుక్కున్న రెండు చిన్న గొలుసులు. చిన్నవి పదో ఫ్యాక్టర్‌ను గుర్తుపట్టి పట్టుకుంటే, పెద్దది దాన్ని ఒక నిర్ణీత బంధం దగ్గర కోస్తుంది. దీంతోపాటు ఐదో ఫ్యాక్టర్‌ను లేపే మరో ఎంజైమూ ఉంది. ఒళ్లంతా సన్నసన్నని గడ్డలు కడుతూ, కరుగుతూ, కొద్ది గంటల్లో ఫైబ్రినోజెన్ అంతా ఖర్చయిపోతుంది. అప్పుడు నాళికలోని రక్తానికి గడ్డకట్టే సరుకే మిగలదు.

రక్తం గడ్డకట్టనంత మాత్రాన దానంతటదే నాళం దాటి రాదు. కారేందుకు చిల్లు కూడా కావాలి. ఆ పని చేసేవి జింకుతో పనిచేసే మెటలోప్రోటీనేజ్‌లు. సన్నని రక్తనాళాల గోడకు ఆధారంగా ఉండే పొరలోని కొల్లాజెన్‌ను ఇవి కోస్తాయి. చిగుళ్ల నుంచి, పాత పుండ్ల నుంచి, మూత్రంలో రక్తం కనిపించడం ఈ రెండు పనులూ కలిసిన ఫలితం. చిన్నపింజరిలోని ఎకారిన్ అనే ఎంజైము ఇంకా ముందుకెళ్లి, మధ్యలో ఏ సహాయకుడూ అక్కర్లేకుండా ప్రోథ్రాంబిన్‌నే కోసేస్తుంది.

పదేపదే గర్భస్రావాలైన మహిళలకు రాసే రక్తపరీక్షల్లో 'డీఆర్‌వీవీటీ' అని ఒకటి ఉంటుంది. అందులో ఆర్‌వీవీ అంటే రక్తపింజరి విషమే. పలచన చేసిన ఆ విషంతో ప్లాస్మా ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసి, ఒక రకం యాంటీబాడీలను పసిగడతారు. మందుల సంగతికొస్తే, బీపీకి వాడే కాప్టోప్రిల్ బ్రెజిల్ పింజరి పెప్టైడ్ల నుంచి పుట్టిన ఆలోచన. గుండెపోటులో వాడే టైరోఫిబాన్‌కు దారి చూపింది చిన్నపింజరిలోని ఎకిస్టాటిన్ అనే 49 అమైనో ఆమ్లాల ప్రోటీన్.

పాత విభజన పనికిరాదా?

దక్షిణాది రక్తపింజరి విషంలో నాడి కొసను దెబ్బతీసే ఫాస్ఫోలైపేజ్‌లు కూడా ఉంటాయి, రెప్పలు వాలేది అందుకే. దీన్నిబట్టి 'నాడీ విషం, రక్త విషం' అన్న విభజనను పాఠ్యపుస్తకాల నుంచే తీసేయాలనే పరిశోధకులున్నారు. పాము కుటుంబాన్ని బట్టి కాకుండా టాక్సిన్ కుటుంబాన్ని బట్టి మాట్లాడాలన్నది వారి వాదన. అత్యవసర విభాగంలో డ్యూటీ చేసే డాక్టర్ల మాట వేరు. వచ్చిన మనిషి ముందు రెప్పలు చూడాలా, రక్తం చూడాలా అన్నది క్షణాల్లో తేల్చుకోవాలి, దానికి ఈ రెండు పెట్టెలు చాలా పనికొస్తాయి. రెండు వాదనలూ తమ తమ చోట సరైనవే. లక్షణాలకు పెట్టిన పేరును పాముకు అంటగట్టడం దగ్గరే పొరపాటు జరుగుతోందని నాకనిపిస్తుంది. 'రక్త విషపు పామే కదా' అని రెప్పలు చూడకపోతే ఊపిరి ఆగేదాకా తెలియదు.

పది వయల్స్ లెక్క ఎక్కడిది?

మన దేశంలో దొరికే విరుగుడు మందు, యాంటీ స్నేక్ వీనం (ఏఎస్‌వీ), నాలుగు పాములకు కలిపి తయారైనది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలను శుద్ధి చేస్తారు. ప్రమాణం ప్రకారం 1 మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషాన్ని, అంతే రక్తపింజరి విషాన్ని, 0.45 మిల్లీగ్రాముల కట్లపాము లేదా చిన్నపింజరి విషాన్ని విరచాలి.

లెక్క వేద్దాం. రక్తపింజరి ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం దించుతుందని అంచనా. 10 మిల్లీలీటర్ల వయల్, అంటే మందు సీసా, ఒకటి 6 మిల్లీగ్రాములను విరుస్తుంది. 63ని 6తో భాగిస్తే పదిన్నర. మొదటి మోతాదుగా 8 నుంచి 10 వయల్స్ అనే మాట వెనక ఉన్నది ఈ భాగహారం. చిన్నపిల్లలకూ అదే మోతాదు ఎందుకని తల్లిదండ్రులు అడుగుతుంటారు. పిల్లవాడని పాము తక్కువ విషం దించదు కదా, మందు విరవాల్సింది విషాన్ని.

ఈ లెక్కలో రెండు లొసుగులున్నాయి. మొదటిది, మందు తూచేది మొత్తం విషాన్ని, చంపేది అందులోని కొన్ని ప్రోటీన్లు. మూడు వేళ్ల టాక్సిన్లు మరీ చిన్నవి కాబట్టి గుర్రం రోగనిరోధక వ్యవస్థ వాటిని అంతగా లెక్కచేయదు, పెద్ద ప్రోటీన్ల మీద యాంటీబాడీలు దండిగా తయారు చేస్తుంది. రెండోది, ఈ మందు తయారీకి వాడే విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో మహాబలిపురం దగ్గరున్న ఇరుల తెగవారి పాములు పట్టే సహకార సంఘం నుంచి వస్తుంది. 1978లో ఏర్పడిన ఆ సంఘం లేకపోతే ఇక్కడ విరుగుడు మందే కష్టం. కానీ అక్కడి నాగుపాము విషం, రాజస్థాన్ నాగుపాము విషం ఒకలా ఉండవు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కార్తీక్ సునగర్ బృందం వేర్వేరు రాష్ట్రాల పాముల విషాలను పోల్చి, కొన్ని ప్రాంతాల పాముల మీద మన మందు బలం బాగా తగ్గుతోందని చూపించింది.

ఒకే విరుగుడా, ప్రాంతానికొకటా?

ఈ తగాదా కొత్తది కాదు. 1890లలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్బర్ట్ కాల్మెట్ నాగుపాము విషానికి విరుగుడు సీరం తయారు చేసి, అది మిగతా పాములకూ పనికొస్తుందన్నాడు. బ్రెజిల్‌లో వైటల్ బ్రజీల్ దాన్ని అక్కడి పాముల మీద ప్రయత్నించి, పనిచేయదని, ఏ పాముకు ఆ సీరమే కావాలని నిరూపించాడు. వందేళ్లకు పైగా బ్రజీల్ మాటే నెగ్గింది. నేడు ప్రాంతాలవారీ విరుగుడు మందు కావాలంటున్నవారిది ఆయన దారే. దీనికి అడ్డం చెప్పేవారు ఖర్చు, సరఫరా చూపిస్తారు. ఒకే మందు దేశమంతా పంపడం ఎలాగోలా సాగుతోంది, నాలుగైదు రకాలు చేస్తే ఒకచోట మిగిలిపోయి ఇంకోచోట కొరత రావచ్చు.

కాల్మెట్ ఆశ మాత్రం వేరే రూపంలో తిరిగొచ్చింది. అన్ని పాములకు ఒక మందు కాదు, ఒక ప్రోటీన్ కుటుంబానికి ఒక మందు. 2024లో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ, బెంగళూరు విజ్ఞాన సంస్థ కలిసి పొడవు రకం మూడు వేళ్ల టాక్సిన్లను పట్టుకునే 95మ్యాట్5 అనే యాంటీబాడీని ప్రకటించాయి. గ్రాహకంలోని గూటిని అనుకరించడం దాని కిటుకు. వేర్వేరు దేశాల పాముల టాక్సిన్లైనా దూరాల్సిన గూడు ఒకటే కాబట్టి, ఎలుకల్లో అది పలు పాముల టాక్సిన్ల మీద పనిచేసింది. 2025 జనవరిలో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ బేకర్ బృందం ప్రకృతిలో లేని కొత్త ప్రోటీన్లను కంప్యూటర్‌లో గీసి, వాటితో మూడు వేళ్ల టాక్సిన్లను కట్టేసి ఎలుకలను బతికించింది. గుర్రాలతో పని లేకపోవడం ఈ పద్ధతుల్లో పెద్ద సౌలభ్యం.

అయితే ఈ విజయాలన్నీ చిన్న, బిగువైన, పట్టుకోవడానికి ఒకే చోటున్న మూడు వేళ్ల ప్రోటీన్ల మీద వచ్చినవి. మన దేశంలో ఎక్కువ కాట్లు వేసేది రక్తపింజరి. దాని విషంలో ఫాస్ఫోలైపేజ్‌లు, మెటలోప్రోటీనేజ్‌లు, ప్రోటీన్లను కోసే మరో రకమైన సెరీన్ ప్రోటీయేజ్‌లు కలిసి పనిచేస్తాయి, ఒక్కదాన్ని కట్టేస్తే మిగతావి ఆగవు. ఇక్కడ చిన్న అణువుల మందుల వైపు చూస్తున్నారు. ఫాస్ఫోలైపేజ్ ఏ2 గూటిలో కూర్చునే వారెస్ప్లాడిబ్ ఒకటి, మాత్రగా మింగగలిగేది. దాన్ని మనుషుల మీద పరీక్షించిన చోట్లలో భారత ఆసుపత్రులూ ఉన్నాయి. జింకును పట్టుకుని మెటలోప్రోటీనేజ్‌లను ఆపే మారిమాస్టాట్ మరొకటి, అది క్యాన్సర్ కోసం తయారై అక్కడ నిలవలేకపోయిన మందు. కాటు పడిన ఊరికీ విరుగుడు మందున్న ఆసుపత్రికీ మధ్య గడిచే ఆ గంటా రెండు గంటల్లో ఇలాంటి మాత్ర వేసి, ఆసుపత్రికి చేరాక ఎప్పటిలా ఏఎస్‌వీ ఎక్కించాలన్నది ప్రస్తుతం నలుగుతున్న ఆలోచన.